నర్తకుల పాదములకు వైద్యుడు

నాట్యమును వర్ణింపని కవి మన భాషలో అరుదు. కనుచూపుల నేర్పును, కరముల విన్యాసమును, మువ్వల సవ్వడిని మనవారు వేనోళ్ల కొనియాడిరి. కాని ఆ మువ్వలు కట్టిన చీలమండ ఆట ముగిసిన రాత్రి ఎంత వాచియుండెనో, మరునాటి యుదయమున ఆ నర్తకి గడప దాటుటకు ఎంత శ్రమపడెనో వ్రాసినవారు మిక్కిలి తక్కువ. తిక్కన సోమయాజి విరాటుని కొలువున బృహన్నలచేత ఉత్తరకు నాట్యము నేర్పించెను గాని, ఆ రాచకన్నెకు కాలు బెణికిననాడు గురువేమి చేసెనో మనకు చెప్పలేదు. ఇది కవి లోపమని నేననను. చూడవచ్చినవానికి కావలసినది ఆట. ఆ యాట వెనుకనున్న నొప్పిని చూడవలసినవాడు వైద్యుడు. అట్లు చూచిన వైద్యు డొకనిగూర్చి ఈ నాలుగు మాటలు.

ఈ సంచికలో తక్కిన పెద్దలు మన గ్రంథాలయమునకు స్థలమిచ్చినవారిని గూర్చియు, ఇటుక మోసినవారిని గూర్చియు వ్రాయుచుండగా, నేను సముద్రములకు ఆవలనున్న న్యూయార్కు నగరపు వైద్యుని ప్రశంసకు పూనుకొనుట కొందరికి వింతగా తోపవచ్చును. అయినను గ్రంథాలయ మన్నది మన యూరివారిని గూర్చియే చదువుకొనుటకు ఏర్పడినది కాదు గదా! పైగా ఆయన పనిలో మన రైతులకును, కూలివారికిని, గీతపనివారికిని దగ్గరి సంగతి యొకటి కలదు. దానిని సందర్భము వచ్చినపుడు మనవి చేసెదను.

మా వంశము కరణాల వంశము. నాట్యశాస్త్రమందలి నూటయెనిమిది కరణములతో మాకు గల చుట్టరికము పేరు మాత్రమే. ఆ పేరిటి చనువుచేతనే కాబోలు, నేను సంస్కృతము స్వయముగా కూడబలుకుకొనుచు ఆ గ్రంథమును తిరుగవేసితిని. భరతముని పాదకర్మలు అయిదని చెప్పెను: ఉద్ఘట్టితము, సమము, అగ్రతలసంచరము, అంచితము, కుంచితము. వానిలో అగ్రతలసంచరమున మడమ పైకి లేచును, బొటనవ్రేలు ముందుకు సాగును. మడమ నెత్తి మునివ్రేళ్లపై నిలుచుట మనవారికి తెలియని విద్య కాదన్నమాట. చారీవిధానము చెప్పినచోటనే ముని తైలమర్దనమును, వ్యాయామమును, ఆహారనియమమును కూడ విధించెను. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయసేనాని 1253–54 ప్రాంతమున నృత్తరత్నావళి రచించి ఈ విద్యను మన తెలుగునేల యాటలతో జతపరచెను. మరియొకవంక సుశ్రుతుడు కీళ్లు తప్పుటను ఆరు విధములుగను, ఎముకలు విరుగుటను పండ్రెండు విధములుగను విభజించి చికిత్స చెప్పెను. నాట్యమున కొక శాస్త్రము, ఎముకలకొక శాస్త్రము, రెండును మనకు కలవు. ఈ రెంటిని ఒక్క బల్లమీద పెట్టి, నర్తకుని దేహమును నర్తకుని దేహముగానే పరీక్షించు వైద్యము మాత్రము ఏ దేశమునందైనను ఇరువదవ శతాబ్దిలోనే రూపు దాల్చినది.

బ్యాలే యన నేమో తెలియనివారికి ఒక మాట. అది ఐరోపా రాజాస్థానములలో పుట్టి, ఫ్రాన్సులో శాస్త్రబద్ధమై, రష్యాలో పరిపక్వమైన నృత్యము. పాటకు అర్థము పట్టుట అందు లేదు. వాద్యమును అనుసరించి దేహమే కథ చెప్పును. తుంటి కీలునుండి కాళ్లను వెలుపలికి త్రిప్పి నిలుచుట దానికి మూలము. మన అరమండిలోనూ మోకాళ్లు ప్రక్కలకే తిరుగును. అయితే మన నర్తకి భూమిని తాడించును, బ్యాలే నర్తకి భూమిని విడిచిపోవ జూచును. 1832లో పారిసు నగరమున మేరీ తాలియోని అను నర్తకి ‘లా సిల్ఫీడ్’ అను నాటకమున గాలిలో తేలు దేవకన్యవలె వ్రేళ్ల కొనలపై నిలిచి ఆడినది మొదలు, ఆ నిలుకడయే స్త్రీల బ్యాలేకు ఆదర్శమైనది. గుడ్డపొరలను జిగురుతో గట్టిపరచి చేసిన చెప్పు ముక్కుపై, దేహభార మంతయు నిలుపవలెను. చూచువారికి అది పూవు. మోయువారికి అది బరువు.

ఆ కాలపు నర్తకుల కష్టము కాళ్లతోనే ముగియలేదు. 1862 నవంబరులో పారిసు ఒపేరాయందు ఎమ్మా లివ్రీ అను యువతి అభ్యాసము చేయుచుండగా, రంగమందలి గ్యాసు దీపము తగిలి ఆమె పలుచని వస్త్రమునకు నిప్పంటుకొన్నది. ఎనిమిది నెలలు వేదనపడి 1863 జులైలో ఆమె మరణించెను. ఆమె తాలియోనికి ప్రియశిష్యురాలు. అంటుకొనకుండ మందులో ముంచిన వస్త్రము లప్పటికే ఉన్నవి గాని, అవి బిరుసుగ నుండి మాసినట్లు కనబడునని ఆమె ధరింప నిరాకరించెనట! అందముకొరకు అపాయమును నెత్తిన పెట్టుకొనుట ఈ వృత్తిలో ఎంత లోతున నాటుకొనియున్నదో దీనివలన ఊహింపవచ్చును.

నర్తకికి కాలు నొప్పి పుట్టినపుడు వైద్యుని యొద్దకు పోయిన, చాలకాలము వచ్చుచుండిన సలహా ఒక్కటే: “ఆట మానుము.” ఇందు తప్పు లేదు. మానిన నొప్పియు మానును. మన యూళ్లలో తాడి యెక్కువానికి మోకాలు పట్టినదనిన “చెట్టెక్కకుము” అనియు, నాట్లు వేయు స్త్రీకి నడుము నొచ్చినదనిన “వంగకుము” అనియు చెప్పు వైద్యులు లేకపోలేదు. వారు చదువుకొన్నది నిజమే, చెప్పినది శాస్త్రసమ్మతమే. కాని రోగి ఆ గది దాటి పోయి, సాయంకాలమునకు మరల చెట్టు మొదట నిలువబడును. ఏలయన వాని కాలు వేరు, వాని బ్రదుకు వేరు కావు. నేను ముందు మనవి చేసెదనన్న దగ్గరి సంగతి ఇదియే. నొప్పి నొక్కదానిని చూచువాడు ఒక వైద్యుడు, ఆ నొప్పి ఏ పనిలో పుట్టినదో ఆ పనిని నేర్చి చూచువాడు ఇంకొక వైద్యుడు. విలియం హామిల్టన్ గారు రెండవ తెగవారు.

ఆయన అమెరికా దేశీయులు. ముందు ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, పిదప కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించి, ఎముకల వైద్యులై న్యూయార్కున స్థిరపడిరి. ఇంజనీరు చదువు వృథా పోలేదనుటకు ఆయన వ్రాతలే సాక్షి. పాదమును ఆయన బరువు మోయు కట్టడముగను, త్రాళ్లు గిలకలు గల యంత్రముగను చూచిరి.

ఆయనను నాట్యలోకమునకు కొనివచ్చినది 1972. న్యూయార్కు సిటీ బ్యాలేకు ఆయన ఎముకల వైద్యులైన దా యేటనే. ఆ సంఘమును 1948లో స్థాపించినవారిలో ముఖ్యుడు జార్జి బాలాంచిన్. 1904లో సెంట్ పీటర్సుబర్గున జన్మించి, 1933లో అమెరికా చేరి, మరుసటి యేడు నాట్యపాఠశాల నెలకొల్పిన మహానుభావుడు. నర్తకుల కాళ్లు ఎంత నమ్మరానివో అతనికి ఒకరు చెప్పవలసిన పని లేదు. యౌవనముననే మోకాటి దెబ్బ అతని సొంత యాటను కట్టిపెట్టినది. 1956లో ఆ సంఘము ఐరోపా పర్యటనలో నుండగా, కోపెన్‌హాగన్ నగరమున అతని భార్యయు, ప్రధాన నర్తకియునైన టానకిల్ లెక్లర్కునకు పోలియో సోకి కాళ్లు పడిపోయినవి. అప్పటి కామె వయస్సు ఇరువదియేడు. ఆమె మరల నడువలేదు. అయినను తరువాతి కాలమున చక్రముల కుర్చీలో కూర్చుండి, హార్లెము నాట్యశాలలో పిల్లలకు చేతులతోనే పాదగతులు చూపి నేర్పినది. ఈ సంగతి చదివిననాడు నాకు పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండవలసి వచ్చినది.

ఇక హామిల్టన్ గారి పనిలోనికి వత్తము. నర్తకులకు చీలమండ వెనుకభాగమున తరచుగా నొప్పి వచ్చును. సామాన్య వైద్యులు దానిని మడమనరపు వాపు అని తేల్చి పంపుచుండిరి. ఆయన నర్తకి యేయే భంగిమలలో ఎక్కడ నొప్పి యనుచున్నదో వేరుపరచి చూచిరి. బొటనవ్రేలిని వంచు స్నాయు వొకటి పిక్కనుండి దిగి, చీలమండ వెనుక లోపలివైపున సన్నని సొరంగమువంటి దారిగుండ పాదము క్రిందికి పోవును. చేదబావి గిలకపై త్రాడు పోవునట్లే అది అందు జారుచుండవలెను. మామూలు మనుష్యుల కిది ఎన్నడును గుర్తుకు రాదు. బ్యాలే నర్తకి మునివ్రేళ్లపై లేచిన ప్రతిసారియు దేహభారమును పట్టుకొనునది ఈ త్రాడే. అది రాపిడిచే వాచి, ముడివంటిది ఏర్పడి, గిలకలో త్రాడు చిక్కుకొనినట్లు చిక్కును. అప్పుడు బొటనవ్రేలు వంగినది వంగినట్లే నిలిచి, టప్పున విడివడును. ఇది ఒక రోగము. రెండవది, చీలమండ ఎముక వెనుక కొందరికి పుట్టుకతో విడిగా నుండు చిన్న ఎముక ముక్క. నేలపై నడుచువారికి దానివలన హాని లేదు. వ్రేళ్ల కొనలపై నిలిచినపుడు మాత్రము పై యెముకకును మడమ యెముకకును నడుమ అది రోకలి క్రింది గింజవలె నలుగును. నొప్పి వెనుకనే, కాని వెలుపలివైపున. ఈ రెంటి భేదమును హామిల్టన్ గారు 1982లో ప్రకటించిన వ్యాసమున విశదపరచిరి. 1996లో మరియిరువురు వైద్యులతో కూడి, 37 మంది నర్తకులకు చేసిన 41 శస్త్రచికిత్సల ఫలితములను ప్రకటించిరి. వానిలో 26 రెండు రోగములును కలిసినవి, 9 స్నాయువు మాత్రము చెడినవి, 6 ఎముక నలిగినవి. కూడిన 41. లెక్కలు చూచు అలవాటుచేత నేను కూడి చూచితిని; సరిపోయినది.

బెణుకు సంగతి ఇంకను గమనింపదగినది. చీలమండ వెలుపలి కట్లు తెగి, కాలు మాటిమాటికి మెలిపడుచుండువారికి పూర్వము చేయు శస్త్రచికిత్సలలో, ప్రక్కనున్న ఆరోగ్యమైన స్నాయువును తీసి తెగిన కట్టు స్థానమున బిగించుచుండిరి. కాలు గట్టిపడును, మెలిపడదు. మామూలు గృహస్థునకు అది చాలును. కాని ఆ తీసిన స్నాయువే నర్తకిని వ్రేళ్ల కొనలపై నిలకడగా నిలుపునది. చూరు నిలబెట్టుటకై స్తంభము కోసినట్లయ్యెను! స్వీడనుకు చెందిన బ్రోస్ట్రమ్ అను వైద్యుడు 1966లో తెగిన కట్టునే తిరిగి కుట్టు పద్ధతి చెప్పెను. అటుపిమ్మట గూల్డ్ అను వైద్యుడు దానికి బలము చేకూర్చెను. నర్తకులకు ఇదియే తగినదని హామిల్టన్ గారు గ్రహించిరి. 1993లో తమ సహచరులతో ప్రకటించిన నివేదికలో 27 మంది రోగుల 28 చీలమండలకు ఈ చికిత్స చేసినట్లు తెలిపిరి. వారిలో 14 మంది ఉత్తమశ్రేణి బ్యాలే నర్తకులు. ఒక్కటి తప్ప తక్కినవన్నియు చక్కని ఫలితము నిచ్చినవి. ఈ పద్ధతి వ్యాపించి క్రీడాకారులకును నేడు మేలు చేయుచున్నది.

కత్తి పట్టుటలో నేర్పరి యైన వైద్యుడు కత్తి పట్టకుండుటలో గూడ నేర్పరి యగుట కష్టము. ఆయనయందు ఆ రెండవ నేర్పు కూడ కలదు. చిటికెనవ్రేలి వెనుకనుండు పాదపుటెముక, గెంతి నేలపై వ్రాలినపుడు పాదము మెలిపడి మెలికగా విరుగును. ఈ విరుపు నర్తకులలో ఎంత సామాన్యమనగా, వైద్యులు దానిని నర్తకుల విరుపు అనియే పిలుతురు. ఎక్స్‌రే పటమున చూచినవాని గుండె జల్లుమనును. వెంటనే మేకులు దిగగొట్టి సరిచేయవలెనని తోచును. హామిల్టన్ గారును వారి తోటివారును 1996లో 35 మంది నర్తకుల వృత్తాంతము ప్రకటించి, అధికభాగమునకు కట్టుకట్టి ఓర్పుతో వేచియుండుటయే చాలునని చూపిరి. సగటున 19 వారములకు వారు మరల రంగమెక్కిరి. అందరును ఎక్కిరి.

ఓర్పు అని వ్రాయుట సులభము. నర్తకికి పందొమ్మిది వారములనిన ఏమి? ఆమె యాటకాలము మొత్తము పదునైదు, ఇరువది యేండ్లు. అందు ఒక ఋతువు పోయినచో, ఆమె పాత్ర మరియొకతె కిచ్చెదరు. ఇచ్చినది తిరిగివచ్చునన్న నమ్మకము లేదు. అందుచేత నర్తకులు నొప్పిని దాచుదురు. గురువుకు దాచుదురు, తోటివారికి దాచుదురు, సంఘపు పెద్దలకు తప్పక దాచుదురు. దాచిన నొప్పి బెణుకునుండి చీలికగను, చీలికనుండి విరుపుగను ముదురును. వారు దాచక చెప్పుకొనదగిన మనిషి యొకడు దొరకుటయే చికిత్సలో సగపాలు. హామిల్టన్ గారి వ్యాసములలో నర్తకుల భాషయే కనబడును. వారు మోకాలు వంచు తీరును, మడమ లేపు తీరును వారి పేళ్లతోనే వ్రాసి, ఏ కదలికలో ఏ యెముక నలుగునో చూపుదురు. తన పలుకుబడి తెలిసినవాని యెదుట రోగి నోరు విప్పును. 1974లో సోవియట్ దేశము విడిచి వచ్చిన మహానర్తకుడు మిఖాయిల్ బారిష్నికోవ్ మొదలు పేరెరుగని పాఠశాల బాలికల వరకు ఆయన యొద్దకు వచ్చిరి. న్యూయార్కునందలి రెండవ పెద్ద సంఘమైన అమెరికన్ బ్యాలే థియేటరునకును ఆయన వైద్యము చేసిరి.

ఇచట నా మనస్సున గుచ్చుకొను ప్రశ్న యొకటి కలదు. సంఘము నియమించిన వైద్యుడు ఎవరి మనిషి? రేపటి యాట జరుగవలెనని కోరువాడు సంఘపు పెద్ద. పదియేండ్ల తరువాత నర్తకి నడువగలుగవలెనని కోరవలసినవాడు వైద్యుడు. రెండు కోరికలును కలిసిన దినములు కలవు, కలియని దినములును కలవు. 1986లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్యపత్రికలో వెలువడిన పరిశోధనను చూచిన ఈ చిక్కు బోధపడును. నాలుగు సంఘములకు చెందిన 75 మంది నర్తకీమణులను పరిశీలింపగా, నూటికి 24 మందికి వెన్నెముక వంకర యున్నట్లును, నూటికి 61 మందికి ఎముకలు విరిగినట్లును తేలినది. చాలీచాలని తిండిచే దేహము కృశించి, బాలికలు పుష్పవతులగుట ఆలస్యమగుటకును, ఋతుక్రమము నిలిచిపోవుటకును, ఈ యెముకల బలహీనతకును సంబంధము కలదని ఆ వ్యాసము తెలిపినది. వ్రాసినవారిలో హామిల్టన్ గా రొకరు. సన్నని, పొడవైన, తేలికయైన దేహమే బాలాంచిన్ మెచ్చిన దేహమని లోకమెరుగును. ఆ కంటి మెప్పుకొరకు కడుపు మాడ్చుకొన్నవారి యెముకలే ఆ పట్టికలో ఎక్కినవి. బాలాంచిన్ 1983 ఏప్రిలులోనే కన్ను మూసెను. ఆయన సంఘముతోనే బ్రదుకు ముడివడిన వైద్యుడు ఆ వ్యాసము క్రింద తన పేరు వ్రాయుట సామాన్య విషయము కాదని నా యభిప్రాయము. నాట్యమును ప్రేమించుచునే, నాట్యము చేయు హానిని అంకెలలో పెట్టుట! పద్దు మనకిష్టమైనను కాకున్నను చిట్టాలో వ్రాయకతప్పదని లెక్కలవారికి తెలియును.

అదే వ్యాసమున పేరు గల మరియొకరు ఆయన సహధర్మచారిణి లిండా హామిల్టన్. ఆమె న్యూయార్కు సిటీ బ్యాలేలోనే పెక్కేండ్లు నర్తించి, పిదప మనశ్శాస్త్రము చదివి నర్తకుల మనోవ్యధలకు చికిత్స చేసిన విదుషీమణి. భర్త కాలి నొప్పిని, భార్య మనసు నొప్పిని చూచుట ఒక ముచ్చట.

ఈ పుణ్యకార్యము అమెరికాదే యని తలపరాదు. వారికి ఇరువదియేండ్లు ముందుగానే, 1952లో, మాస్కో నగరపు కేంద్ర ఎముకల వైద్యసంస్థలో క్రీడాకారులకును, బ్యాలే కళాకారులకును, సర్కసువారికిని ప్రత్యేకముగా ఒక చికిత్సాశాల యేర్పడెను. దానిని నెలకొల్పినది జోయా మిరోనోవా అను మహిళ. ఆమె స్వయముగా మంచుపై జారు పందెములలో దేశమున ఛాంపియన్‌గా గెలిచినది. తాను పడి లేచినదియే గనుక పడినవారి బాధ ఆమెకు వేరుగా నేర్వవలసిన పాఠము కాలేదు. 1976లో బ్యాలే కళాకారుల ఎముకల, కీళ్ల జబ్బులపై ఆమె మరియొకరితో కలిసి గ్రంథమును కూడ ప్రకటించెను. 2008లో దివంగతురాలైనది.

మన దేశమున ఇట్టి కథ చెప్పుమన్న మన తెలుగువారికి వెంటనే తలపునకు వచ్చునది ‘మయూరి’ చిత్రము. భరతనాట్యము నేర్చిన సుధాచంద్రన్ 1981లో జరిగిన ప్రమాదమున కాలు పోగొట్టుకొని, జైపూరు పాదము అమర్చుకొని, 1984లో మరల రంగమెక్కినది. ఆ కథనే సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వమున మన భాషలో చిత్రముగా తీయగా ఆమెయే నటించినది. ఆ పాదమును రూపొందించినవారు పి. కె. సేథీ అను ఎముకల వైద్యుడును, రామచంద్రశర్మ అను శిల్పియును. నేలమీద బాసిపెట్టు వేసుకొని కూర్చుండువారికి, పొలమున చెప్పులు లేక నడుచువారికి పనికివచ్చునట్లు వారు దానిని చేసిరి. అందుచేతనే అది నాట్యమునకును పనికివచ్చినది. పనిని చూచి వైద్యము చేయుట యనగా ఇదియే.

హామిల్టన్ గారు 2022లో తొంబదియేండ్ల వయస్సున న్యూయార్కున కాలధర్మము నొందిరి. నేడు ఏ దేశమున నైనను నాట్యమెరిగిన ఎముకల వైద్యుని యొద్దకు ఒక బాలిక కుంటుచు వచ్చి చీలమండ వెనుక నొప్పి యన్నచో, ఆయన ఎక్స్‌రే పటము తెప్పించుటకు ముందే వేయు ప్రశ్న యొకటి కలదు: “నొప్పి లోపలివైపునా, వెలుపలివైపునా? మడమ లేపినపుడు చూపుము, తల్లీ.”